గోగు ఊరవెయ్యడాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం, డిగ్రీ విద్యార్థులు, కొందరు ఉపాధ్యాయుల ముందు ఒక విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డ బాబులూ, లోపలికి రండి. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇంగ్లీషు మాస్టారికి ఎదురుగా కూర్చుంటే లేపి ప్రశ్న అడుగుతారని భయం ఉంటుంది. ఎవరినీ లేపను, కూర్చోండి.

ఇంగ్లీషు రాయడం ఎలా అలవడుతుంది అన్న దాని మీద మాట్లాడమన్నారు. అది పెద్ద విషయం. నాకు బాగా తెలిసిన ఒక్క ముక్క గురించే చెబుతాను. డైరీ. రాత్రి అన్నం తిన్నాక, పడుకోబోయే ముందు ఓ పావుగంట కూర్చుని, ఆ రోజు సంగతి ఇంగ్లీషులో ఓ పేజీ రాసుకోవడం. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళ పైబడి ఇంగ్లీషు చెప్పాను. పిల్లలకి గ్రామరు చెప్పాను, వ్యాసాలు బట్టీ పట్టించాను, పదో తరగతి గట్టెక్కించాను. ఇవన్నీ చేసిన మనిషిగా చెబుతున్నాను, నాకు ఇంగ్లీషు వచ్చింది మాత్రం డైరీ వల్లే.

మా ఊరు గజపతినగరం అవతల. వరి, గోగు, మెట్టలో కాస్త చోడి, అంటే రాగులు. చదివింది తెలుగు మీడియం. బీఏ దాకా ఇంగ్లీషు పరీక్షలన్నీ గైడు పట్టుకుని దాటినవాణ్ణే. ఆవు మీద వ్యాసం, రైలు ప్రయాణం, సెలవు చీటీ. మార్కులు బాగానే వచ్చేవి. బీఈడీ అయింది, ఉద్యోగం వచ్చింది. చేరిన ఏడాది వానాకాలంలో మా బడి కప్పు కారడం మొదలెట్టింది. హెడ్మాస్టారు పిలిచి, "మీరు ఇంగ్లీషు మాస్టారు కదండీ, పై ఆఫీసుకి ఓ ఉత్తరం రాయండి. మూడు వాక్యాలు చాలు" అన్నారు. కప్పు కారుతోంది, రెండు తరగతుల్ని వరండాలో కూర్చోబెడుతున్నాం, బాగు చేయించండి. ఇంతే సంగతి.

ఆ సాయంత్రమంతా కాగితం ముందు కూర్చున్నాను. నేను బట్టీ పట్టిన వ్యాసాలన్నిట్లోనూ ఎక్కడా కప్పు కారలేదు. "రూఫ్ ఈజ్" అని రాశాను. తర్వాత? నీళ్ళు వస్తున్నాయనాలా, పడుతున్నాయనాలా? చివరికి గుమస్తా గారు పాత ఫైలు తీసి, ఎవరో ఎప్పుడో రాసిన ఉత్తరం చూపిస్తే, తేదీ మార్చి దాన్నే దింపాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అన్నేళ్ళు ఇంగ్లీషు చదివి, కళ్ళ ముందు కారుతున్న కప్పు గురించి ఒక్క వాక్యం రాయలేకపోయాను. ఎందుకని? ఆలోచించగా ఆలోచించగా తేలిందేమిటంటే, నాకంటూ చెప్పవలసిన మాట ఒకటుండి, దాన్ని ఇంగ్లీషులో చెప్పిన సందర్భం నా బతుకులో అప్పటిదాకా ఒక్కటీ లేదు. ఇంకొకరి మాటే అప్పజెప్పుతూ వచ్చాను. మన తెలుగు మీడియం పిల్లల ఇంగ్లీషు కష్టంలో సగం ఇదే అని నా నమ్మకం. గ్రామరు చెప్పేవాళ్ళు మనకి ఎప్పుడూ ఉన్నారు. మన ఇల్లు, మన పొలం, మన ఆకలి, మన కోపం, ఇవేవీ మన ఇంగ్లీషులోకి అడుగు పెట్టలేదు.

సరే, డైరీ మొదలెట్టాను. ఎరువుల కొట్టువాళ్ళు జనవరిలో పంచిన డైరీ ఇంట్లో ఉంది. అందులో మొదటి నెలలు ఎలా ఉంటాయంటే, "ఐ గాటప్ ఎట్ ఫైవ్. ఐ టుక్ బాత్. ఐ వెంట్ టు స్కూల్. ఐ కేమ్ హోమ్. ఐ ఏట్ రైస్." మర్నాడూ ఇదే. ఆ మర్నాడూ ఇదే. అది డైరీ కాదు, టైంటేబులు. మీలో ఎవరైనా డైరీ మొదలెట్టి పదిహేను రోజుల్లో మానేసి ఉంటే, మీది బద్ధకం అని నేననను. టైంటేబులు రాసి ఉంటారు. ఆ వాక్యాలు మీకు ముందే వచ్చు. వచ్చినవే రోజూ రాస్తుంటే ఎవరికైనా విసుగే.

నా డైరీ మారింది గోగు దగ్గర. సెలవులకి ఊరెళ్ళాను, గోగు కోతలు నడుస్తున్నాయి. పట్నం పిల్లలకి తెలీదేమో, కాస్త చెబుతాను. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగు వేసేది నార కోసం. ఆ నార ఇక్కడి జూట్ మిల్లులకి పోయేది. మొక్క కోసి, ఆకు రాల్చి, కట్టలు కట్టి చెరువులో వేస్తారు. తేలిపోకుండా పైన బరువు పెడతారు. రెండు వారాలు, మూడు వారాలు నానాక బెరడు మెత్తబడుతుంది. అప్పుడు నడుం లోతు నీళ్ళలో నిలబడి పుల్ల నుంచి నార ఒలవాలి. ఆ కుళ్ళు వాసన ఒంటికి పట్టిందంటే రెండు స్నానాలకీ పోదు. మేం దాన్ని ఊరవెయ్యడం అంటాం. ముందు వేసిన కట్టలు ఒలుస్తూ, కొత్త కట్టలు వేస్తున్నారు. నేనూ నాన్నతోపాటు చెరువులో దిగాను.

ఆ రాత్రి డైరీ తెరిస్తే "ఐ గాటప్ ఎట్ ఫైవ్" అని రాయబుద్ధి కాలేదు. వేళ్ళకి ఇంకా ఆ వాసన ఉంది. దాని గురించే రాయాలనిపించింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఊరవేశాం అనడానికి ఏం రాయాలి? నిఘంటువులో వెతికితే ఊరగాయ దగ్గర తేలాను. అది కాదు. చివరికి ఇలా రాశాను, ఉన్నదున్నట్టు చదువుతాను. "వుయ్ పుట్ ది గోగు అండర్ వాటర్ ఇన్ ది ట్యాంక్. ఇట్ విల్ స్టే ఫిఫ్టీన్ డేస్. దెన్ స్కిన్ బికమ్స్ సాఫ్ట్. మై ఫాదర్ ఈజ్ పుల్లింగ్ ది స్కిన్. స్మెల్ ఈజ్ ఇన్ మై ఫింగర్స్." ఐదు వాక్యాలు, ముప్పావు గంట. మొదటి వాక్యం పక్కన "ఊరవెయ్యడం" అని తెలుగులోనే రాసి చుట్టూ సున్నా చుట్టాను.

కొన్ని నెలలయ్యాక వ్యవసాయ శాఖ వారి కరపత్రం ఒకటి చేతికొచ్చింది, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు. ఇంగ్లీషు పక్క "రెటింగ్" అనే మాట కనబడింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గోగు ఊరవెయ్యడమంటే రెటింగ్. ఆ మాట ఇవాళ్టికీ మరచిపోలేదు, మరచిపోలేను కూడా. ఆ కరపత్రం అంతకు ముందు ఏడాది కూడా మా ఇంటికి వచ్చింది. అప్పుడూ ఆ మాట అందులో ఉంది. నాకు కనబడలేదు. సున్నా చుట్టుకుని ఖాళీ ఒకటి ఉంచుకున్నాను కాబట్టి ఈసారి కనబడింది.

ఇది నా ఒక్కడి అనుభవం అనుకునేవాణ్ణి. తర్వాతెప్పుడో చదివాను, రిచర్డ్ ష్మిట్ అని అమెరికా భాషాశాస్త్రవేత్త ఒకాయన బ్రెజిల్లో ఉన్న నెలల్లో పోర్చుగీసు నేర్చుకుంటూ డైరీ రాశాడు. ఏ రోజు ఏ మాట విన్నాడు, ఏ మాట దగ్గర తడబడ్డాడు అన్నీ రాసుకున్నాడు. సిల్వియా ఫ్రోటాతో కలిసి ఆ డైరీని, తన మాటల టేపుల్ని పక్కపక్కన పెట్టి పరిశీలించి 1986లో అచ్చువేశాడు. క్లాసులో చెప్పినంత మాత్రాన ఏ రూపమూ నోటికి రాలేదు. బయట మనుషులు మాట్లాడుతుండగా తాను గమనించి డైరీకి ఎక్కించుకున్నవే ఎక్కువగా వచ్చాయి. ఇంకో సంగతి కూడా బయటపడింది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళు తన తప్పు చాలాసార్లు దిద్దారు, తనని దిద్దుతున్నారన్న సంగతే ఆయనకి తెలియలేదు. ఈ రెండో ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికొస్తాను.

ఇక మన డైరీల్లో వచ్చే తప్పుల సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. మన తప్పులు తెలివితక్కువ వల్ల రావు. తెలుగు తన పద్ధతిలో తాను సరిగ్గా పనిచేస్తుంటే వస్తాయి. ఎలాగో చూడండి. "డైలీ ఐ విల్ గో టు కాలేజ్" అని మనలో చాలామంది రాస్తారు. రోజూ చేసే పనికి ఈ "విల్" ఎందుకొచ్చింది? రోజూ కాలేజీకి వెళ్తాను. రేపు కాలేజీకి వెళ్తాను. రెండు చోట్లా వెళ్తాను. తెలుగులో అలవాటుకీ, జరగబోయేదానికీ ఒకటే రూపం. ఇంగ్లీషు వాటిని రెండుగా విడదీస్తుంది. మన చెయ్యి రెండింటికీ "విల్" వేసేస్తుంది. గ్రామరు పుస్తకంలో ఇది వందసార్లు చదివినా పోదు. మీ డైరీలో మీరే రాసిన పది "విల్"ల కింద గీత గీసి, ఇది రోజూదా, రేపటిదా అని అడుగుకుంటూ పోతే నెలలో వదులుతుంది.

ఇంకోటి. "రేపు వస్తానన్నాడు." ఈ మాటలో వస్తాను ఎవరిది? అవతలివాడిది. అతని నోట్లోంచి వచ్చిన మాటని అలాగే పట్టుకొచ్చి "అన్నాడు" తగిలిస్తాం. అందుకే మన పిల్లలు "హి సెడ్ ఐ విల్ కమ్ టుమారో" అని రాస్తారు. ఇంగ్లీషువాడికి మాత్రం అక్కడ "ఐ" అంటే డైరీ రాస్తున్న మనిషి. "హి సెడ్ హి వుడ్ కమ్" అనాలి. రోజుకి ఎంతమంది మనతో ఎన్ని మాటలంటారు! ఎవరేమన్నారో డైరీలో రాస్తూ పోండి, ఈ ముడి దానంతటదే విడిపోతుంది.

వాన. మనకి వాన పడుతుంది, వాన వస్తుంది, వానే కర్త. "రెయిన్ ఈజ్ కమింగ్" అంటే ఇంగ్లీషువాడు ఆకాశం వైపు చూస్తాడు, ఇంకా రాలేదేమోనని. "ఇట్ ఈజ్ రెయినింగ్" అనాలి. మా బళ్ళో ఒక గుంటడు నిలదీశాడు, "మాస్టారూ, ఈ ఇట్ ఎవరండీ? ఏటి చేస్తాది?" అని. ఎవరూ కాదు బాబూ, ఖాళీ కుర్చీ. ఇంగ్లీషు వాక్యంలో మొదటి కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవాలి, ఎవరూ లేకపోతే "ఇట్"ని కూర్చోబెడతారు అని చెప్పాను. మనకా అవసరం లేదు. "ఆకలేస్తోంది" అన్న ఒక్క ముక్కతో వాక్యం పూర్తయిపోతుంది.

తెలుగులో ఉండి ఇంగ్లీషులో లేనివీ డైరీ రాస్తేనే తెలుస్తాయి. మనం, మేము. ఒకసారి నా డైరీలో "వుయ్ ఆర్ గోయింగ్ టు సిరిమాను ఆన్ ట్యూస్‌డే" అని రాశాను. పైడితల్లమ్మ పండగ, దసరా తర్వాత మంగళవారం. ఏడాది తర్వాత ఆ పేజీ చదివితే ఆ "వుయ్" ఎవరో నాకే అర్థం కాలేదు. పిల్లల్ని తీసుకెళ్ళామా, లేక మేమిద్దరమే వెళ్ళామా? తెలుగులోనైతే కనీసం వినేవాళ్ళు అందులో ఉన్నారో లేదో ఒక్క మాటతో తేలిపోతుంది. ఇంగ్లీషులో మనుషుల పేర్లు రాయాలి. అప్పట్నుంచి రాస్తున్నాను. అలాగే సిరిమాను అంటే ఏమిటో తెలియనివాడికి చెబుతున్నట్టు ఓ పేజీ రాయమని మా పిల్లలకి చెప్పేవాణ్ణి. పొడవాటి మాను, దాని కొసన ఆసనంలో పూజారి, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరగడం, వేలమంది జనం అరటిపళ్ళు విసరడం. ఊరంతా చూసిన దృశ్యమే, రాయబోతే చెయ్యి ఆగిపోతుంది. ఆగిపోయిన చోటల్లా ఒక పాఠం దొరుకుతుంది. కెనడాలో మెరిల్ స్వెయిన్ అనే ఆవిడ 1985లో ఇదే చెప్పింది. అక్కడ ఇంగ్లీషు పిల్లలు బడిలో అన్ని పాఠాలూ ఫ్రెంచిలో ఏళ్ళ తరబడి విన్నారు, విన్నది బాగా అర్థం చేసుకున్నారు. మాట్లాడమన్నా రాయమన్నా మాత్రం తప్పులు వదల్లేదు. సొంతంగా చెప్పే అవసరం వాళ్ళకి తగినంత రాలేదని ఆవిడ వాదన.

ఇక్కడ కూర్చుని గురజాడ గారిని తలుచుకోకపోతే తప్పవుతుంది. మన మహారాజా కాలేజీలో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన మనిషి. మనకి ఆయన తెలుగు మాత్రమే తెలుసు. ఆయన డైరీలు ఎక్కువగా ఇంగ్లీషులో రాసుకున్నవే. 1883లో అచ్చయిన ఆయన తొలి రచనల్లో ఒకటి ఇంగ్లీషు కావ్యం. దాన్ని మెచ్చుకున్న కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీయే, మీ భాషలో రాయండి అని సలహా ఇచ్చాడు. వాడుక తెలుగుకి పట్టం కట్టిన కన్యాశుల్కానికి 1897లో రాసిన పీఠిక కూడా ఇంగ్లీషులోనే ఉంది. ఇంగ్లీషు నేర్చుకుంటే తెలుగు పోతుందని భయపెట్టేవాళ్ళకి నేను ఆ డైరీలే చూపిస్తాను. ఇక వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. దానికి లిపి లేదు, పుస్తకం లేదు, గైడు అసలే లేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, విన్న మాట విన్నట్టు, విన్న కథ విన్నట్టు రాసుకుంటూ పోయారు. అలా ఏళ్ళ తరబడి రాసుకున్నదాన్నుంచి పుట్టిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ఆయన చేతిలో ఉన్నవి కలం, కాగితం, చెవి. మీకు ఇంగ్లీషుకి నిఘంటువు జేబులోనే ఉంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఇక్కడున్న టీచర్లు దీన్ని ముఖ్యంగా వినాలి.

డైరీ వల్ల నాకు మేలు జరిగిందని తొమ్మిదో తరగతి పిల్లలందరి చేతా రాయించడం మొదలెట్టాను. ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ అమ్మానాన్నా ఇళ్ళు కట్టే పనికి హైదరాబాదు వలస వెళ్ళారు, తను అమ్మమ్మ దగ్గర. క్లాసులో నోరు విప్పేది కాదు. ఒకరోజు అరపేజీ రాసింది. అమ్మ బస్సెక్కిన సంగతి. చివరి వాక్యం, "ఫ్యాన్ ఈజ్ దేర్ బట్ స్లీప్ ఈజ్ నాట్ కమింగ్." నేనేం చేశాను? ఎర్ర పెన్ను తీశాను. పదిహేడు చోట్ల సున్నాలు చుట్టాను. ఆ చివరి వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి "ఐ కాంట్ స్లీప్" అని రాశాను. కింద "ఆర్టికల్స్ చూసుకో" అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు ఆ అమ్మాయి పుస్తకం ఇచ్చింది. "ఐ గాటప్ ఎట్ ఫైవ్. ఐ టుక్ ఎ బాత్. ఐ కేమ్ టు స్కూల్." ఒక్క తప్పు లేదు. ఆ తర్వాత ఏడాదంతా ఒక్క తప్పు లేదు.

ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని స్టాఫ్ రూములో చాలాసేపు కూర్చున్నాను. అరపేజీ తన బతుకు నా చేతికిస్తే, నేను దానికి లెక్క కట్టి తిరిగి ఇచ్చాను. "నిద్ర రావడం లేదు" అని తెలుగులో అంటాం కాబట్టే "స్లీప్ ఈజ్ నాట్ కమింగ్" అని రాసింది. నిద్ర ఒక మనిషిలా నడిచి రావాలి, రావడం లేదు. ఎంత మంచి తెలుగు! దాన్ని దిద్దే పని తర్వాతదీ, ముందు దాన్ని చదివే పని ఉంది. ఆ ముందు పని నేను చెయ్యలేదు.

తర్వాత పద్ధతి మార్చాను. పిల్లల డైరీలో ఎర్ర పెన్ను ముట్టలేదు. కింద రెండు మూడు వాక్యాలు జవాబు రాసేవాణ్ణి, ఉత్తరానికి ఉత్తరంలా. లాస్ ఏంజెలెస్‌లో లెస్లీ రీడ్ అనే టీచరు ఆరో తరగతి పిల్లలతో ఏళ్ళ తరబడి ఇలాగే డైరీలో మాటా మాటా నడిపారని, జానా స్టేటన్ అనే పరిశోధకురాలు వాటిని చదివి పుస్తకాలు రాశారని నాకు తర్వాత తెలిసింది. తప్పు ఎలా పోతుంది మరి అంటారా? జవాబులోనే సరైన రూపం వాడేవాణ్ణి. పొలంలో చిన్న చిన్న గట్లు వేశామని ఒక అబ్బాయి "స్మాల్ స్మాల్ బండ్స్" అని రాస్తే, "హౌ మెనీ స్మాల్ బండ్స్ డిడ్ యు మేక్?" అని అడిగేవాణ్ణి. కొందరు పట్టుకునేవారు, కొందరు పట్టుకునేవారు కాదు. ఇందాకా చెప్పాను కదా, దిద్దుతున్నారన్న సంగతే తెలియని ష్మిట్ గురించి. అందుకని వారానికొకటి, అందరి డైరీల్లోనూ కనబడే తప్పు ఒకటి, పేరు చెప్పకుండా బోర్డు మీద పెట్టి విడిగా మాట్లాడేవాళ్ళం. డైరీ వేరు, ఆ పాఠం వేరు. ఆ రెండింటినీ ఒకే పేజీ మీద కలిపితే పిల్ల మళ్ళీ టైంటేబులులోకి వెళ్ళిపోతుంది. ఆ అమ్మాయి పదో తరగతిలో అమ్మమ్మ చేసే చోడి అంబలి గురించి ఒకసారి నాలుగు వాక్యాలు రాసింది. కింద ఏం రాయాలో తెలీక, "ఐ వాంట్ టు టేస్ట్ ఇట్" అని రాశాను. మర్నాడు చిన్న స్టీలు క్యారేజీ తెచ్చింది.

నా డైరీలోంచి ఇంకో పేజీ. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ వచ్చిన రోజు. మీలో చాలామంది అప్పటికి చిన్న గుంటలు. విశాఖ దగ్గర తీరం దాటింది, ఇక్కడా చెట్టూ స్తంభమూ నిలవలేదు. కరెంటు లేదు, కొవ్వొత్తి పెట్టుకుని రాశాను. గాలి తలుపు కింద నుంచి ఈల వేసినట్టు వస్తోంది. మా పెరట్లో వేపచెట్టు కూలింది. దాని గురించి ఈ వాక్యం ఉంది. "ది నీమ్ ట్రీ మై వైఫ్ వాటర్డ్ ఫర్ ట్వెల్వ్ ఇయర్స్ లే డౌన్ లైక్ ఎ టైర్డ్ కౌ." అలిసిపోయిన ఆవులా పడుకుంది. చాలా ఏళ్ళపాటు "లై"కీ "లే"కీ మధ్య తికమకపడ్డవాణ్ణి, ఆ రాత్రి తడుముకోలేదు. అది వ్యాకరణం గుర్తొచ్చి రాసింది కాదు. చెట్టు గుర్తొచ్చి రాసింది.

ఎలా రాయాలో రెండు మూడు మాటలు చెప్పి ముగిస్తాను. రోజులో జరిగినదంతా రాయకండి, ఒక్క సంగతి రాయండి. బస్సులో కండక్టరుతో చిల్లర దగ్గర గొడవ అయిందా, అదొక్కటే. ముందు తెలుగులో రాసుకుని దాన్ని ఇంగ్లీషు చెయ్యకండి. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది, అంత పొడుగు వాక్యాన్ని తిరగేసి కుట్టబోతే కుట్లన్నీ ఊడతాయి. వచ్చిన చిన్న ఇంగ్లీషుతోనే మొదలెట్టండి. మాట దొరక్కపోతే తెలుగులోనే రాసి సున్నా చుట్టండి, ఆగకండి. ఆదివారం ఆ వారం పేజీలు పైకి చదవండి. ఆ వారానికి ఒక్క తప్పునే పట్టుకోండి, అది "విల్" కానీ, "ది" కానీ. పుస్తకం ఏదైనా పరవాలేదు. నలభై పేజీల నోటు పుస్తకం మంచిది, త్వరగా అయిపోతుంది, అయిపోతే ఉత్సాహం వస్తుంది. ఒకరోజు తప్పితే మర్నాడు రెండు పేజీలు రాసి అప్పు తీర్చుకోవద్దు. వదిలేసి ఆ రోజుది రాయండి.

అడగండి, ఏమైనా ఉంటే.

(ఒక విద్యార్థి: సార్, ఫోన్లో రాయచ్చా? ఇప్పుడు ఏఐ మొత్తం దిద్ది ఇచ్చేస్తోంది కదండీ.)

ఫోన్లో రాయచ్చు బాబూ. దిద్దించుకోవచ్చు కూడా. ఎప్పుడన్నదే నా పట్టింపు. నువ్వు రాసిన మరుక్షణం దిద్దిన పేజీ వచ్చేస్తే, నీ తప్పు నీకు కనబడే వ్యవధి లేదు. నీ మాట కూడా మిగలదు. నా వేపచెట్టు వాక్యం దానికిస్తే ఆవుని తీసేసే ప్రమాదం ఉంది. వారం ఆగు. నువ్వే దిద్దుకో. ఆ తర్వాత ఒక్క పేరా ఇచ్చి, "ఎక్కడ తప్పుంది, ఎందుకు" అని అడుగు. తిరగరాయమనకు.

(ఒక విద్యార్థిని: సార్, నేను రాయడం మొదలెట్టాను. మా అమ్మ గురించి రాసినప్పుడు "మై మదర్" అని రాస్తే అమ్మలా అనిపించడం లేదండీ. వేరే ఎవరో అనిపిస్తోంది.)

కూర్చోమ్మా. చాలా మంచి ప్రశ్న. ఒక్కర్తే కూతురైనా సరే మనం "మా అమ్మ" అంటాం, "నా అమ్మ" అనం. ఇల్లంతా కలిసి ఉన్న "మా" అది. ఇంగ్లీషులో "అవర్ మదర్" అంటే తోడబుట్టినవాళ్ళు ఎవరో ఉన్నారనుకుంటారు. కాబట్టి "మై" తప్పదు. "మదర్" మాత్రం తప్పనిసరి కాదు. మొదటి పేజీలో ఒక్కసారి "మై మదర్, హూమ్ ఐ కాల్ అమ్మ" అని రాసేయ్. ఆ తర్వాత అమ్మ అనే రాసుకో, ఇంగ్లీషు అక్షరాలతో. అమ్మ ఏం చేసింది, ఏమంది, అది రాయి. అలా ఓ నాలుగు పేజీలు రాశాక ఆ పుస్తకం పట్టుకుని వచ్చే ఆదివారం ఇక్కడికే రా. నేను చదివి జవాబు రాస్తాను. పెన్ను నీదే తెచ్చుకో, నా దగ్గర ఇప్పటికీ ఎర్రది ఉండదు.

గ్రంథాలయం వారు తలుపులు వేసుకోవాలి, టైమయింది. బయట బల్ల మీద నోటు పుస్తకాలున్నాయి, తలొకటి తీసుకోండి. ఇవాళ తేదీ వేసి ఒక్క సంగతి రాయండి.